ఉప్పూ, నీళ్ళే కదా అనుకున్నాను!

మీ వంటింటి సింకు కింద ఏమేం పెట్టారో ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి. పాత గుడ్డపీలికలు, కొబ్బరిపీచు, సబ్బుపొడి, ఓ మూల ఫినాయిల్ సీసా, దాని వెనకాల బాత్‌రూమ్ కడిగే యాసిడ్, ఆ పక్కనే ఏ పాత హార్లిక్స్ సీసాలోనో తెల్లగా, పెళుసుగా, అటుకుల్లా కనబడే కాస్టిక్ సోడా. ఏమండీ, ఉందా లేదా? మా ఇంట్లోనూ ఉండేది. ఒకటే అరలో, పక్కపక్కనే. వాటి సంగతి నాకు తెలియదని కాదు. తెలుసు కాబట్టే వచ్చింది తంటా అంతా.

నేను బి.ఎస్సీ. కెమిస్ట్రీ చదివాను లెండి. పెళ్ళయ్యాక ఆ చదువు అటకెక్కినా, పాఠాలు మాత్రం నోటికి వచ్చు. "ఆమ్లము, క్షారము కలిసిన లవణము, నీరు ఏర్పడును." నిద్రలో లేపి అడిగినా చెప్పేదాన్ని. ఆ ఒక్క వాక్యమే నా ఎడమచేతి మీద మచ్చ పెట్టి పోయింది.

సంక్రాంతి ముందు సంగతి. మా ఆడపడుచు పిల్లాపాపలతో భోగినాటికి దిగుతానని ఉత్తరం రాసినంత పనిచేసి ఫోన్ చేసింది. ఇంటినిండా పిండివంటల సందడి. అరిసెలు, జంతికలు, చక్కిలాలు. బూరెలమూకుడు కడిగిన నీళ్ళు, నేతిగిన్నెలు తొలిచిన నీళ్ళు అన్నీ ఆ సింకులోకే. పైగా చలికాలం. నూనే, నెయ్యీ గొట్టంలో పేరుకుపోయి సింకు నిండిపోయింది. మామూలుగా అయితే ఈ పని మా ఇంట్లో పనిచేసే ఆవిడది. "కాస్త ఆ సోడా వేసి చూడవే" అంటే చాలు, సింకు దారికి వచ్చేది. ఆవిడేమో పండక్కి ఊరెళ్ళింది. ఇక నేనే కొంగు బిగించాను.

సీసాలోంచి గుప్పెడు, ఆ పైన ఇంకో గుప్పెడు కాస్టిక్ సోడా సింకు కంతలో వేసి, రెండు చెంబులు నీళ్ళు పోశాను. బుసబుసమంది. అరగంట చూశాను. కదల్లేదు. ఇంతలో గుమ్మం ముందు ఆటో ఆగింది. పిల్లలు వస్తూనే చేతులు కడుక్కుంటామని వంటింట్లోకి పరుగెడతారు. సింకులో ఆ నీళ్ళు అలాగే ఉన్నాయి. నా గుండె జారింది. అప్పుడే నా బి.ఎస్సీ. గుర్తుకొచ్చింది! కాస్టిక్ సోడా అంటే క్షారం. యాసిడ్ అంటే ఆమ్లం. రెండూ కలిస్తే ఉప్పూ, నీళ్ళే కదా! ఉప్పునీళ్ళు పిల్లలనేం చేస్తాయి? అనుకోవడమే తడవు, యాసిడ్ సీసా మూత తీసి ఒంపేశాను.

పెనం మీద నీళ్ళు చల్లితే ఎలా ఉంటుందో తెలుసుగా మీకు? దానికి పదింతలు. భగ్గున ఆవిరి లేచింది. సింకులో నీళ్ళు సలసలా కాగి పైకి చిమ్మాయి. మొహం పక్కకు తిప్పుకున్నాను కాబట్టి కళ్ళు దక్కాయి. ఎడమచెయ్యి మాత్రం మోచేతి దాకా తడిసిపోయింది. మొదట మంట కూడా తెలియలేదు. సబ్బు పూసినట్టు జారుడుగా అనిపించింది. ఆ తర్వాత మొదలైంది మంట.

నా కేకకి అత్తగారు పరుగెత్తుకొచ్చారు. ఆవిడ చేతిలో సగం కోసిన నిమ్మచెక్క. "సోడాకి పులుపే విరుగుడు, ఇటు చూపించవే" అన్నారు. చూశారా, ఆవిడ ఏ కాలేజీకీ వెళ్ళకపోయినా నాలాంటి కెమిస్టే! ఆవిడ చెప్పిందీ, నేను చేసిందీ ఒకటే సూత్రం. అప్పుడు ఇంటర్ చదువుతున్న మా అమ్మాయి, "నాన్నమ్మా, వద్దు! నీళ్ళు, నీళ్ళు!" అంటూ నన్ను రెక్క పట్టుకుని పెరట్లో కుళాయి దగ్గరికి లాక్కెళ్ళింది. ధారగా నీళ్ళు వదిలి, "అమ్మా, గాజులు తియ్యి" అంది.

పండగపూట బోడిచేతులేమిటని ఒక్క క్షణం ఆగాను. ఆ ఒక్క క్షణమే! మట్టిగాజుల కింద చిక్కుకున్న ఆ నీళ్ళు అక్కడే ఉండి కాల్చేశాయి. మా అమ్మాయి నన్ను అడక్కుండా గాజులు లాగేసింది. అరగంటసేపు చెయ్యి ధార కిందినుంచి తియ్యనివ్వలేదు. చలికి వణికిపోతున్నా వదల్లేదు. డాక్టరుగారు చెయ్యి చూసి మొట్టమొదట అడిగిన ప్రశ్న, "ఎంతసేపు నీళ్ళు పోశారు?" అని. అరగంట అన్నాం. "అందుకే ఇంతతో పోయింది" అన్నారు.

చెయ్యి కట్టుతో పండగంతా కుర్చీలో కూర్చున్నాను. మా ఆడపడుచే వంటచేసి వడ్డించింది. కూర్చున్నానంటే మరి ఆలోచన ఊరుకోదు కదా. నేను చదివింది తప్పా? ఉప్పూ, నీళ్ళూ అన్నమాట అబద్ధమా? మా అమ్మాయి పుస్తకాలు ముందేసుకుని మళ్ళీ చదివాను. పరీక్షకోసం కాకుండా, నా చెయ్యి ఎందుకు కాలిందో తెలుసుకోవడంకోసం చదివాను. మీకూ చెబుతాను, వినండి. భయపడకండి, ఫార్ములాలు ఉండవు.

లిథియం, సోడియం, పొటాషియం, రుబీడియం, సీసియం అని ఓ అక్కచెల్లెళ్ళ గుంపు ఉంది. ఇంటిపేరు క్షారలోహాలు. వీటి హైడ్రాక్సైడ్లన్నీ బలమైన క్షారాలే. సోడియందే మన కాస్టిక్ సోడా. 1807లో హంఫ్రీ డేవీ అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త కరిగిన కాస్టిక్ సోడాలోకి కరెంటు పంపి, అందులోంచే సోడియం లోహాన్ని మొదటిసారి విడదీశాడు. పొటాషియం హైడ్రాక్సైడ్‌తో మెత్తటి సబ్బులు, ద్రవ సబ్బులు చేస్తారు. గోడగడియారంలో వేసే ఆల్కలైన్ బ్యాటరీల్లో ఉండేదీ అదే. అవి కారితే తెల్లటి పొక్కు కడుతుంది చూడండి, దాన్ని వేలితో గోకకూడదు.

"బలమైన క్షారం" అంటే ఏమిటి? నీళ్ళలో వెయ్యగానే మొత్తానికి మొత్తం విడిపోతుంది. సోడియం ఒక పక్క, హైడ్రాక్సైడ్ ఒక పక్క. కొంచెం విడిపోయి, కొంచెం అట్టేపెట్టుకోవడం లేదు. స్వీడన్ శాస్త్రవేత్త స్వాంటే అర్హీనియస్ 1884లో ఈ విడిపోయే సంగతి గురించి పరిశోధనా పత్రం రాస్తే విశ్వవిద్యాలయం వాళ్ళు చాలా తక్కువ శ్రేణి ఇచ్చారు. ఆ సిద్ధాంతానికే 1903లో నోబెల్ బహుమతి వచ్చింది. మార్కులు తక్కువొచ్చాయని పిల్లల్ని కసిరేముందు ఈ కథ గుర్తుంచుకోండి!

మన తాంబూలంలో సున్నం కూడా క్షారమే. కానీ లీటరు నీళ్ళలో అది 2 గ్రాములు కూడా కరగదు. కాస్టిక్ సోడా అయితే లీటరు నీళ్ళలో దాదాపు కిలో కరుగుతుంది. ఆ తేడా చాలు, ఎవరితో పెట్టుకుంటున్నామో తెలియడానికి.

ఇక యాసిడ్ సంగతి. బాత్‌రూమ్ యాసిడ్‌లో ఉండేది హైడ్రోక్లోరికామ్లం. అది కూడా నీళ్ళలో పూర్తిగా విడిపోతుంది. హైడ్రోజన్ ఒక పక్క, క్లోరైడ్ ఒక పక్క. రెంటినీ కలిపితే ఈ హైడ్రోజనూ, ఆ హైడ్రాక్సైడూ ఒకటై నీళ్ళవుతాయి. అసలు పెళ్ళి ఆ రెంటికే. సోడియం, క్లోరైడ్ మాత్రం పెళ్ళికొచ్చిన చుట్టాల్లా పక్కన నిలబడి చూస్తుంటాయి. నీళ్ళు ఆవిరైతే అవే ఉప్పుగా మిగులుతాయి. లెక్క కూడా చక్కగా సరిపోతుంది. 40 గ్రాముల కాస్టిక్ సోడాకి 36.5 గ్రాముల ఆమ్లం. వచ్చేది 58.5 గ్రాముల ఉప్పు, 18 గ్రాముల నీళ్ళు. అటు కూడినా 76.5, ఇటు కూడినా 76.5. మన చీటీపాట లెక్కలకన్నా కచ్చితం!

మరి చెయ్యెందుకు కాలింది? లెక్కలో ఒకటి రాయడం మరిచిపోయాం. వేడి! ఆ పెళ్ళిలో పుట్టే వేడి. పైన చెప్పిన కొలతకి 57 కిలోజౌళ్ళ వేడి పుడుతుంది. అంటే మన భాషలో, ఆ వేడి ఒక లీటరు నీళ్ళకి అందితే 13 డిగ్రీలు పైకి వెళ్తాయి. అదే పావులీటరు నీళ్ళకే అందితే 50 డిగ్రీలకు పైగా పెరుగుతుంది. దీనికి తోడు, కాస్టిక్ సోడా ఉత్త నీళ్ళలో కరిగేటప్పుడే బోలెడు వేడి పుట్టిస్తుంది. నేను వేసింది గుప్పెళ్ళకొద్దీ. పోసింది రెండు చెంబుల నీళ్ళు. కాగిపోక ఏం చేస్తాయి చెప్పండి?

కాలేజీలో ఈ వేడి నాకెందుకు తెలియలేదు? అక్కడ మేం కలిపింది లీటరు నీళ్ళకి 4 గ్రాములు. బ్యూరెట్టులోంచి బొట్టు బొట్టుగా. గులాబీరంగు ఎప్పుడు పోతుందా అని కళ్ళు చిల్లులు పడేలా చూడటమే గానీ ఫ్లాస్కు వేడెక్కినట్టే అనిపించేది కాదు. అంత పల్చన. పైగా అక్కడ ఎంతకి ఎంత కలపాలో కొలత తెలుసు. నా సింకులో ఏ కొలతా లేదు. కాస్త అటయితే కాస్టిక్ మిగులుతుంది, ఇటయితే యాసిడ్ మిగులుతుంది. ఉప్పునీళ్ళు మాత్రం మిగలవు. పుస్తకం అబద్ధం చెప్పలేదండీ. ఎంత, ఎలా అన్నది నేనే మరిచిపోయాను.

ఇంకో తమాషా వినండి. కాస్టిక్ సోడా గొట్టంలో నెయ్యీ, నూనెల్ని పట్టుకుని సబ్బుగా మారుస్తుంది. సబ్బు తయారీ సూత్రమే అది. సబ్బు నీళ్ళలో కరిగిపోతుంది కాబట్టి గొట్టం తెరుచుకుంటుంది. నేను యాసిడ్ పోసి ఏం చేశానంటే, మిగిలిన కాస్టిక్‌ని చంపేశాను, తయారైన సబ్బుని మళ్ళీ జిడ్డుగా మార్చేశాను! ఆమ్లం తగిలితే సబ్బు విరిగి కొవ్వు ఆమ్లాలు తేలతాయి. చెయ్యీ కాలింది, సింకూ బాగుపడలేదు. చివరికి ప్లంబరు వచ్చి గొట్టం విప్పి, లడ్డూ అంత కొవ్వుముద్ద తీసి చూపించాడు.

చేతి మీద జారుడు అన్నానే, అదీ ఇదే. మన చర్మంలోనూ కొవ్వుంటుంది కదా. కాస్టిక్ దాన్ని కూడా సబ్బు చేస్తుంది. మాంసకృత్తుల్నీ కరిగిస్తుంది. అందుకే లోలోపలికి పోతూనే ఉంటుంది. యాసిడ్ కాలిస్తే వెంటనే మంట తెలుస్తుంది. కాస్టిక్ కొన్నిసార్లు మెల్లగా పని కానిచ్చేస్తుంది. ఆ సమయంలో నిమ్మరసం పిండితే, కాలిన చర్మం మీదే మళ్ళీ ఆ పెళ్ళి, ఆ వేడి. నీళ్ళయితే కాస్టిక్‌ని పల్చబరుస్తాయి, తోసుకుపోతాయి, వేడినీ తీసుకుపోతాయి. అత్తగారికి ఇదంతా చెబితే, "అయితే నా నిమ్మకాయ పులిహోరకే పనికొస్తుందంటావు" అని నవ్వేశారు.

ఆవిడకి నచ్చిన ముక్క ఇంకోటుంది. భోగిపళ్ళు పోశాక పిల్లలకి దిష్టి తియ్యడానికి ఎర్రనీళ్ళు కలిపాం. పసుపునీళ్ళలో చిటికెడు సున్నం. ఎర్రబారింది. మా అమ్మాయి అందులోంచి ఓ గిన్నెడు పక్కకు తీసి నిమ్మరసం పిండింది. మళ్ళీ పచ్చబడింది! క్షారం తగిలితే పసుపు ఎర్రబడుతుంది, ఆమ్లం దాన్ని విరిస్తే తిరిగి పసుపవుతుంది. కాళ్ళ పారాణి రంగూ ఇదే. తెల్ల జాకెట్టు మీద పసుపుమరక సబ్బు పెట్టగానే ఎర్రబడేదీ ఇందుకే. కాలేజీలో గులాబీరంగు మందు చేసే పని మన పోపులపెట్టెలో పసుపు చేస్తుందన్నమాట.

ఇక అసలు చెప్పాలనుకున్న మాట. ఇంతసేపూ దీనికోసమే చుట్టూ తిరిగాను.

పండగ వెళ్ళిన నాలుగో రోజు మా పనావిడ వచ్చింది. నా కట్టు చూసి గుండెలు బాదుకుంది. "ఆ సోడా ముట్టుకున్నారా అమ్మగారూ? అది మహా చెడ్డది. నాకూ వేళ్ళు ఊడిపోతాయి" అంది, చాలా మామూలుగా. అప్పుడు చూశాను ఆవిడ చేతులు. అప్పుడే! ఆరేళ్ళుగా మా ఇంట్లో గిన్నెలు తోముతోంది. వేళ్ళ సందుల్లో తోలు లేచిపోయి ఉంది. గోళ్ళు అరిగి మెత్తబడ్డాయి. ఎన్నిసార్లు అనలేదు, "చేతులు మండుతున్నాయమ్మగారూ" అని? ప్రతిసారీ కాస్త కొబ్బరినూనె చేతిలో పోసి, "రాసుకో, నీళ్ళు పడలేదేమో" అనేదాన్ని. కెమిస్ట్రీ చదివినదాన్ని నేను. సీసా మూత తీసి ఉత్తచేతులతో వేయించినదాన్నీ నేనే. ఆ సోడా ఏం చేస్తుందో నా చెయ్యి కాలేదాకా నాకు తట్టలేదు.

ఆవిడతో ఏమనాలో తోచలేదు. "ఇక ఆ పని నువ్వు చెయ్యొద్దు" అన్నాను. "మరెవరు చేస్తారండీ?" అంది. నిజమే కదా! చర్మం డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్ళాను. నెల పైన పట్టింది చేతులు బాగుపడటానికి. ఆ నెల గిన్నెలు నేనూ, మా అమ్మాయీ తోముకున్నాం. జీతం కోయలేదు. ఇది గొప్పకి చెప్పడం లేదు. ఆరేళ్ళ తర్వాత చేసిన పనికి గొప్పేముంది?

ఇప్పుడు మా ఇంట్లో పద్ధతి మార్చాం. మీకు నచ్చితే మీరూ పాటించండి. నూనెగిన్నెలు కడిగేముందు పాత కాగితంతో తుడిచేస్తున్నాం. వారానికోసారి వేడినీళ్ళు పోస్తున్నాం. దాంతో కాస్టిక్ అవసరమే రావడం లేదు. తప్పనిసరై వాడితే మోచేతులదాకా రబ్బరు తొడుగులు, కళ్ళకి అద్దాలు ఉండాల్సిందే. ఎప్పుడూ నీళ్ళలో సోడా కొద్దికొద్దిగా వెయ్యాలి గానీ, సోడా మీద నీళ్ళు పొయ్యకూడదు. అల్యూమినియం గిన్నె వాడకండి. కాస్టిక్ దాన్ని తినేసి, మండే హైడ్రోజన్ వాయువు పుట్టిస్తుంది. యాసిడ్‌ని కాస్టిక్‌తోనే కాదు, బ్లీచింగ్ పౌడరుతోనూ కలపకండి. అందులోంచి వచ్చే క్లోరిన్ ఊపిరితిత్తుల్ని దెబ్బతీస్తుంది.

చేతిమీద పొడి పడితే ముందు పొడిగుడ్డతో దులిపి, వెంటనే నీళ్ళధార కింద పెట్టండి. గాజులు, ఉంగరాలు, తడిసిన బట్టలు తీసెయ్యండి. కనీసం ఇరవై నిమిషాలు, వీలైతే ఇంకా ఎక్కువసేపు. కంట్లో పడితే రెప్పలు తెరిచి పట్టుకుని అరగంట నీళ్ళు పోస్తూ, ఆసుపత్రికి వెళ్ళే ఏర్పాటు చూడండి. పిల్లలు పొరపాటున నోట్లో వేసుకుంటే వాంతి చేయించకండి. నిమ్మరసం, మజ్జిగ అంటూ విరుగుళ్ళు పట్టకండి. నోరు కడిగించి, ఆ సీసాతో సహా క్షణం ఆలస్యం చెయ్యకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళండి. అన్నిటికన్నా ముందు, తిండి సామాను పెట్టుకునే సీసాల్లో దాన్ని పొయ్యకండి. పటికబెల్లం పలుకులనుకునే చిట్టిచేతులు ప్రతి ఇంట్లోనూ ఉంటాయి.

నా చేతి మీద మచ్చ ఇంకా ఉంది. గాజులున్నచోట గుండ్రంగా, ఇంకో గాజు వేసుకున్నట్టు. అరడజను గాజులు తొడుక్కుంటే కనబడదు. మా పనావిడ ఇప్పటికీ మా ఇంట్లోనే పనిచేస్తోంది. మొన్నామధ్య తొడుగులు చిరిగాయని చెప్పడానికి మొహమాటపడుతుంటే, ఆవిడ చెయ్యి పట్టుకుని చూశాను. మెత్తగా ఉంది.

మీ ఇంట్లో ఆవిడ చేతులు మీరెప్పుడైనా చూశారా? రేపు పొద్దున రాగానే ఒక్కసారి చూడండి.